సీసపు పలకల శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు ఆదేశించారు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత విద్యుత్ శాస్త్రం చదివినవారందరికీ సుపరిచితుడైన ఒక ఫ్రెంచివారిని నేను ఎన్నుకున్నాను. వారి పేరు గాస్టన్ ప్లాంటే. కరెంటు పోయిన మరుక్షణం మీ ఇంట్లో ఫ్యాను ఆగకుండా తిరుగుతున్నదంటే అందుకు మూలపురుషుడు ఆయనే.

నాకు ఈయన మీద గురి కుదరడానికి కారణం నా ఉద్యోగమే. నా సర్వీసులో సగభాగం స్టోర్సు సెక్షన్‌లో గడిచింది. జీపుల బ్యాటరీలు, జనరేటరు బ్యాటరీలు, వాటికి డిస్టిల్డ్ వాటర్ ఇండెంట్లు, కండెమ్నేషన్ రిపోర్టులు అన్నీ నా టేబులు మీదుగానే నడిచేవి. ఒకే కంపెనీ బ్యాటరీ, ఒకే తేదీన కొన్నది, ఒక బండిలో అయిదేళ్ళు నడిచి ఇంకొక బండిలో ఏడాదిన్నరకే ఎందుకు చచ్చిపోతున్నదో తెలుసుకోవాలనే కోరిక అప్పుడు కలిగింది. ఆ కోరికే నన్ను పుస్తకాల దాకా, ఆ పుస్తకాలు ప్లాంటేగారి దాకా తీసుకుపోయాయి.

ఆయన 1834 ఏప్రిల్ 22న ఫ్రాన్సు దేశపు నైరుతి మూలన, పిరనీస్ పర్వతాలకు చేరువలోని ఆర్తెజ్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఇరవయ్యో ఏట, అనగా 1854లో, పారిస్‌లోని కళలు, వృత్తులకు సంబంధించిన జాతీయ సంస్థలో భౌతికశాస్త్ర ప్రయోగశాల సహాయకుడిగా చేరారు. మన లెక్కలో అది ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం అనుకోవచ్చు. ప్రొఫెసరుగారు పాఠం చెప్పబోయే ముందు పరికరాలన్నీ సిద్ధం చేసి ఉంచాలి. ఆ ప్రొఫెసరు ఎడ్మండ్ బెకరెల్. రేడియోధార్మికతను కనిపెట్టిన హెన్రీ బెకరెల్‌కు స్వయానా తండ్రి. క్రింది స్థాయి ఉద్యోగంలో ఉండి, చేతికింద ఉన్న పరికరాలతోనే పెద్ద పని సాధించినవారంటే మనవంటివారికి ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది కదా.

ఆ మరుసటి ఏడే ఒక చిత్రం జరిగింది. పారిస్ సమీపంలోని మ్యూడోన్ వద్ద ఆయనకు ఒక పెద్ద ఎముక దొరికింది. పరిశీలించి చూస్తే అది కోట్ల ఏళ్ళనాటి ఒక మహా పక్షి కాలి ఎముక. ఎగరలేని పక్షి, మనిషిని మించిన ఎత్తు. దానిని వర్ణించిన పండితుడు ఎబేర్ 1855లో మన గాస్టన్ పేరు మీదనే దానికి గాస్టోర్నిస్ అని పేరు పెట్టారు. అది జంతువులను వేటాడి తినేదని చాలాకాలం అనుకున్నారు. ఇటీవలి పరిశోధనలను బట్టి ఆకులూ కాయలూ తినే సాధువే అని తేలింది. ఇరవై ఒకటో ఏట ఒక పక్షికి తన పేరు వచ్చిన మనిషి అంతటితో పొంగిపోయి ఆ దారినే పోలేదు. మళ్ళీ ప్రయోగశాలకు వచ్చి తన గాజు పాత్రల ముందు కూర్చున్నారు.

ఆ రోజుల్లో విద్యుత్తు అంటే జింకు, కార్బను, ఆమ్లాలు ఉన్న సెల్లులే. వాటిలో బున్సెన్ సెల్ పేరెన్నిక గన్నది. జింకు కరిగిపోతూ కరెంటు ఇచ్చేది. జింకు అయిపోతే సెల్ అయిపోయినట్లే. మన గోడ గడియారంలో వేసి పారేసే సెల్లు వంటిదే, కాకపోతే గదినిండా ఘాటైన నత్రికామ్లం పొగలు. కరెంటు ఉత్పత్తి కేంద్రాలు, స్తంభాలు, తీగలు ఏవీ లేవు. అమెరికాలో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం 1882లో గాని మొదలు కాలేదు.

ఒక ఆమ్ల ద్రావణంలో రెండు లోహపు పలకలు ముంచి కరెంటు పంపి, తరువాత ఆ కరెంటు ఆపివేస్తే, కాసేపు ఆ పలకల నుంచే ఎదురు దిశలో కరెంటు వస్తుంది. ఇది 1803 ప్రాంతాల్లోనే జర్మనీలో రిట్టర్ గమనించారు. 1854లో సిన్‌స్టెడెన్ అనే జర్మను సైనిక వైద్యుడు సీసపు పలకలతో కూడా దీనిని చూశారు. అందరికీ ఇది ఒక బెడదగా తోచింది, ఎందుకంటే ఈ ఎదురు కరెంటు వల్ల అసలు కరెంటు మందగిస్తుంది. ప్లాంటేగారు మాత్రం ఈ బెడదనే పట్టుకున్నారు. రాగి, వెండి, ప్లాటినం, తగరం, సీసం, ఇలా లోహం తరువాత లోహం మార్చి కొలతలు వేశారు. అన్నిటికన్న ఎక్కువ సేపు, ఎక్కువ బలంగా తిరుగు కరెంటు ఇచ్చింది సీసం. బంగారాన్నీ ప్లాటినాన్నీ కాదని, చౌకబారు సీసం గెలిచింది.

1859లో ఆయన రెండు పొడవాటి సీసపు రేకులు తీసుకొని, ఒకదానికొకటి తగలకుండా మధ్యన ముతక గుడ్డ పరచి, చాప చుట్టినట్లు చుట్టి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పదో వంతు కలిపిన నీటిలో నిలబెట్టారు. తరువాతి నమూనాల్లో గుడ్డకు బదులు రబ్బరు పట్టీలు వాడారు. 1860లో తొమ్మిది సెల్లుల బ్యాటరీని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ వారి ఎదుట ప్రదర్శించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై అయిదు. తిరిగి తిరిగి ఛార్జి చేసుకోగలిగిన మొట్టమొదటి ఉపయోగకరమైన బ్యాటరీ అదే. 165 ఏళ్ళు గడిచినా మన స్కూటర్లలో, కార్లలో, ఇన్వర్టర్లలో ఉన్నది సారాంశంలో ఆ వస్తువే. సీసం, గంధకామ్లం, నీరు. అంతే.

ఇక్కడ ఒక ధర్మసందేహం రావచ్చు. బున్సెన్ సెల్‌లోని కరెంటునే ఇందులోకి ఎక్కించి, మళ్ళీ ఇందులోంచి తీసుకుంటే లాభమేమిటి? లాభం ఉన్నది. నెల నెలా కొద్ది కొద్దిగా చిట్టీ కట్టి ఒకేసారి పెద్ద మొత్తం పాడుకున్నట్లే ఇదీ. ప్లాంటేగారు తన సెల్లులన్నీ ప్రక్క ప్రక్కన కలిపి రెండే రెండు బున్సెన్ సెల్లులతో నెమ్మదిగా నింపేవారు. నిండిన తరువాత ఒక మీట త్రిప్పి వాటిని వరుసగా ఒకదాని వెనుక ఒకటి కలిపేవారు. అప్పుడు లావుపాటి తీగలు కూడా ఎర్రగా కాలిపోయేవి. వైద్యులు శస్త్రచికిత్సలో కాల్చడానికి, శరీరం లోపలి భాగాల్లో వెలుగు పంపి చూడడానికి ఈ సెల్లులను వాడారు. ప్లాటినం తీగను ఎర్రగా చేసి కొవ్వొత్తి వెలిగించే చిన్న పెట్టె కూడా చేశారు. దానికి శని పేరు పెట్టారు. పాశ్చాత్య రసవాదులకు సీసం శనిగ్రహపు లోహం. మనవాళ్ళు శనికి ఇనుము అంటారు. లోహం ఏదైనా, శనిగారు ఇక్కడ వెలుగే ఇచ్చారు.

ఇప్పుడు ఆయన జీవితంలో నాకు అన్నిటికన్న నచ్చిన భాగానికి వస్తాను. క్రొత్త సీసపు రేకులు మొదట అతి స్వల్పంగా కరెంటు నిల్వ చేసేవి. రేకు పైపొర మాత్రమే పని చేస్తుంది, లోపలి సీసం ఊరికే బరువు. ప్లాంటేగారు వాటిని ఛార్జి చేసి, ఖాళీ చేసి, ఈసారి దిశ మార్చి ఛార్జి చేసి, మధ్య మధ్య విశ్రాంతి ఇచ్చేవారు. మొదట గంటలు, తరువాత రోజులు, ఆపైన వారాలు. ఇలా నెలల తరబడి చేయగా సీసం పైభాగం స్పంజిలాగా గుల్లబారి, ఆమ్లం లోపలికంటా చేరి, నిల్వశక్తి పెరుగుతూ పోయింది. ఈ క్రమానికి ఆయన పెట్టిన ఫార్మేషన్ అనే పేరే నేటికీ కర్మాగారాల్లో వాడుకలో ఉన్నది. మన తిరుపతి సమీపాన కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా వంటి పరిశ్రమల్లో కూడా పలకలకు ఈ సంస్కారం జరగనిదే బ్యాటరీ బయటికి రాదు. వాడుకతో అరిగిపోయే వస్తువులు లోకంలో కోకొల్లలు. సరిగా వాడితే బలపడే వస్తువును ఆయన చూపించారు. మందపాటి శుద్ధ సీసపు ప్లాంటే పలకలు ఇరవై ఏళ్ళకు పైగా పని చేస్తాయి. విద్యుత్ కేంద్రాల్లో, పెద్ద టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో వాటికి అందుకే అంత ప్రతిష్ఠ.

అయితే మన ఇంటి బ్యాటరీ రెండేళ్ళకే ఎందుకు పోతున్నది? సమాధానం ఆ రసాయనంలోనే ఉంది. బ్యాటరీ ఖర్చవుతున్నప్పుడు రెండు పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే సల్ఫేటు మళ్ళీ విడిపోయి ఆమ్లం చిక్కబడుతుంది. ఈ సంగతిని 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనేవారు రుజువు చేశారు. తాజా సల్ఫేటు మెత్తగా ఉంటుంది, సులభంగా విడిపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే అది గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. తరువాత ఎంత ఛార్జి పెట్టినా విడిపోదు. వంటింట్లో పాలగిన్నె అడుగంటిన వెంటనే నీళ్ళు పోస్తే పోతుంది, మూడు రోజులు ఎండిన తరువాత ఉలి పెట్టి చెక్కవలసిందే. ఇదీ అంతే.

మనలో చాలామంది ఏడాదికో రెండేళ్ళకో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నారు. వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేస్తారు. తిరిగి వచ్చేసరికి ఇన్వర్టరు మూలుగుతుంది. ఉపయోగించకపోయినా బ్యాటరీ తనంతట తాను కొంత కొంత ఖాళీ అవుతూనే ఉంటుంది, మన ఎండలకు మరీ త్వరగా. మా కాలనీలో ఒక మిత్రునికి ఇదే జరిగింది. పదిహేను వేలకు పైబడి పోసి కొన్న బ్యాటరీ, రెండో వేసవికే చెత్త. పెన్షను మీద బ్రతికేవారికి అది చిన్న మొత్తం కాదు. వెళ్ళే ముందు నీళ్ళు సరిచూసి నిండా ఛార్జి చేసి, ఇన్వర్టరు స్విచ్చి ఆపి, బ్యాటరీ వైరు విప్పించి, నెలకొకసారి ఒక రోజంతా ఛార్జి పెట్టమని తాళంచెవి నమ్మకస్తులకు ఇచ్చి వెళ్ళడం ఉత్తమం.

నీళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో డిస్టిల్డ్ వాటర్‌కు అంత ఖర్చు ఏమిటని ఆడిట్ వారు అభ్యంతరం వ్రాశారు. ఊరి పేరు, శాఖ పేరు అనవసరం. ఖర్చు తగ్గించమని పైనుంచి మెమో వచ్చింది. డ్రైవరు పాపం బోరు నీళ్ళు పోశాడు. మరుసటి ఏడాది బ్యాటరీ కండెమ్ చేస్తూ ఫైలు నా దగ్గరికే వచ్చింది. డబ్బా నీళ్ళకు మిగిల్చినదానికి ఎన్నో రెట్లు బ్యాటరీకి పోయింది, దానిమీద మాత్రం ఎవరూ అభ్యంతరం వ్రాయలేదు! బోరు నీటిలోని ఇనుము, క్లోరైడు లవణాలు పలకలను తినేస్తాయి. ఇంట్లో త్రాగే ఆర్.ఓ. నీటిలో కూడా కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి. ఏ.సి. నుంచి కారే నీరు స్వచ్ఛమని కొందరు పడుతున్నారు, అదీ వద్దు. అంగట్లో దొరికే బ్యాటరీ వాటర్ మాత్రమే పోయాలి. అదీ ఛార్జి నిండిన తరువాత, గుర్తు దాకానే. ముందే పోస్తే ఛార్జి అవుతున్నప్పుడు మట్టం పెరిగి యాసిడ్ పైకి పొంగుతుంది. పలకలు బయటపడి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోసి, మిగతాది తరువాత పోయాలి. బ్యాటరీలో తగ్గేది నీరే కనుక, యాసిడ్ ఎన్నడూ పోయరాదు. వేసవిలో నెలకొకసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకొకసారి మూత తీసి చూడడం మంచిది.

ఇక ఛార్జి విషయం. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు ఉంటాయి, ఒక్కొక్కటీ రెండు వోల్టులు. నింపేటప్పుడు సుమారు 14.4 వోల్టులు, నిండిన తరువాత నిలబెట్టడానికి 13.5 నుంచి 13.8 వోల్టులు ఇచ్చే ఇన్వర్టరు మంచిది. ఎక్కువైతే నీరు ఆవిరై పలకల పొడి రాలిపోతుంది, తక్కువైతే సల్ఫేటు పేరుకుపోతుంది. అసలు స్థితి తెలియాలంటే హైడ్రోమీటరే గతి. నిండిన సెల్‌లో రకాన్ని బట్టి 1.240 నుంచి 1.280 దాకా చూపుతుంది. అయిదు సెల్లులు సమానంగా చూపి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపితే అక్కడ జబ్బు ఉన్నట్లే. వేడి మరొక శత్రువు. పాతిక డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. ఎండ పడే బాల్కనీలో పెట్టి కంపెనీని తిట్టి ప్రయోజనం లేదు. ఇప్పుడు కోతలు మునుపటిలా లేవు కనుక బ్యాటరీ నెలల తరబడి ఊరికే కూర్చుంటున్నది. నెలకొకసారి మెయిన్ ఆపి ఒక గంట వాడి మళ్ళీ నింపితే దాని పరిస్థితి మనకు తెలుస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీదనో, నెబ్యులైజరు మీదనో ఆధారపడినవారు ఉంటే ఈ పరీక్ష మానవద్దు. కరెంటు పోయిన రాత్రి తెలుసుకోవడం కన్న పట్టపగలు తెలుసుకోవడం నయం.

ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది అంటుకుంటే పేలుతుంది. కొందరి ఇళ్ళల్లో పూజగది ప్రక్కనే బ్యాటరీ పెట్టి, దానిమీద అగరుబత్తి స్టాండు కూడా ఉంచడం చూశాను. దయచేసి దీపానికీ దానికీ దూరం ఉంచండి, గాలి ఆడనివ్వండి. యాసిడ్ చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పోయాలి. కంటిలో పడితే అలాగే కడుగుతూ డాక్టరు వద్దకు పరుగెత్తాలి. టెర్మినళ్ళ మీద పట్టిన తెల్లని, పచ్చని బూజును కనెక్షన్ విప్పించి వేడినీళ్ళు, వంటసోడాతో కడిగి, ఆరిన తరువాత వేజలిన్ రాయాలి. పాత బ్యాటరీని ఇంటి ముందు పగలగొట్టే వారికి అమ్మవద్దు. సీసం పసిపిల్లల మెదడుకు విషం. పాతది దుకాణదారుకే తిరిగి అప్పగించేటట్లు 2001లోనే కేంద్రం నియమాలు చేసింది, వాటి స్థానంలో 2022లో క్రొత్తవి వచ్చాయి. సీసమంతా కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు.

మన ప్లాంటేగారి దగ్గరికి వద్దాం. 1860 నుంచి ఆయన పాలిటెక్నిక్ అసోసియేషన్‌లో భౌతికశాస్త్రం బోధించారు. పనివాళ్ళకు చదువు చెప్పడం కోసం 1830లో ఏర్పడిన సంఘం అది. బ్యాటరీని మాత్రం ఇరవై ఏళ్ళపాటు లోకం పెద్దగా పట్టించుకోలేదు. ఛార్జి చేయడానికి చౌకగా కరెంటు దొరికితే కదా! 1870 తరువాత గ్రామ్ గారి డైనమో వచ్చాక గాని దాని విలువ తెలియలేదు. 1881లో ట్రూవే అనే ఫ్రెంచి ఇంజనీరు ప్లాంటే సెల్లులతో పారిస్ వీధుల్లో మూడు చక్రాల విద్యుత్ బండిని నడిపారు.

అదే ఏడు కామిల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచి ఇంజనీరు, నెలల తరబడి ఫార్మేషన్ ఎందుకని, సీసపు ఆక్సైడును ఆమ్లంతో ముద్దచేసి పలకలకు పూశారు. తక్కువ కాలంలో ఎక్కువ నిల్వశక్తి వచ్చింది. ఫోర్ సెల్లుల పెట్టె ఒకటి పారిస్ నుంచి గ్లాస్గోలోని సర్ విలియం థామ్సన్ గారికి చేరితే పత్రికలన్నీ ఆశ్చర్యపోయాయి. పేటెంట్లు, కంపెనీలు, వాటాలు, కోర్టు వ్యాజ్యాలు మొదలయ్యాయి. పూసిన ముద్ద రాలిపోతుండడంతో జాలీ పలకలు వచ్చాయి, ఆ తరువాత ముద్దను గొట్టాల్లో బంధించారు. మనం ట్యూబులర్ అని కొంటున్నది అదే. 1899లో జెనాట్జీ గారి విద్యుత్ కారు సీసపు బ్యాటరీలతోనే గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటింది. భూమి మీద ఏ కారూ అంతకు ముందు అంత వేగంగా పోలేదు.

ఈ సందడిలో ప్లాంటేగారి పేరు కొంత మరుగున పడింది. నాకు అర్థమైనంత వరకు ఆయనకు డబ్బు ధ్యాస లేదు. ఫోర్ ముద్ద చౌక, ప్లాంటే పలక మన్నిక. దేని ఘనత దానికి ఉన్నది. అయినా మొదట దారి వేసినవారి పేరు ముందు చెప్పుకోవడం న్యాయం. సీనియారిటీ లిస్టులో మన పేరు క్రిందికి జారితే మనం ఎంత బాధపడ్డామో గుర్తు చేసుకోండి. ఆయన మాత్రం పరిశోధనలన్నీ క్రోడీకరించి 1879లో విద్యుత్తు మీద ఒక గ్రంథం ప్రకటించి, తన పనిలో తాను ఉన్నారు. ఎనిమిది వందల సెల్లులను వరుసగా కలిపి, వాటికి తాను నిర్మించిన రియోస్టాటిక్ యంత్రాన్ని జోడించి, ప్రయోగశాలలో చిన్న చిన్న మెరుపులు సృష్టించారు. పిడుగులు, ముఖ్యంగా బంతిలా దొర్లే పిడుగు, ధ్రువాల వెలుగులు, తుఫానులు, వీటన్నిటి రహస్యం ఆ నిప్పురవ్వల్లో దొరుకుతుందని ఆయన ఆశ. వాతావరణంలోని విద్యుత్తు మీద ఆయన పుస్తకం 1888లో వెలువడింది.

మరుసటి ఏడు, 1889 మే 21న, మ్యూడోన్ ప్రక్కనే ఉన్న బెల్‌వ్యూలో కన్నుమూశారు. పక్షి ఎముక దొరికిన చోటుకు అది ఎంతో దూరం కాదు. అప్పటికి వయస్సు యాభై అయిదు. మన లెక్కలో రిటైర్మెంటు కూడా కాలేదు. అకాడమీ వారు ఆయన పేరిట ఒక బహుమతి ఇస్తూ వచ్చారు. ఆయన శతవర్ధంతి సంవత్సరమైన 1989లో బల్గేరియా విజ్ఞాన అకాడమీ ఆయన పేరిట పతకం నెలకొల్పింది. సీసపు బ్యాటరీల మీద గొప్ప కృషి చేసినవారికి దానిని ఇస్తారు.

ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే పేరుపొందిన పియానో విద్వాంసుడు. అన్నగారు పోయిన తరువాత నలభై అయిదేళ్ళు జీవించి, 1934లో తొంభై అయిదో ఏట మరణించారు. 1928లో, ఎనభై తొమ్మిదో ఏట, ఆయన వాయించిన సంగీతాన్ని గ్రామఫోను రికార్డులకు ఎక్కించారు. అవి నేటికీ వినవచ్చు.